జిల్లా ఆసుపత్రి డీఈఐసీలో పిల్లల థెరపీ: ఎక్కడ బాగుంది, ఎక్కడ అడిగి చేయించుకోవాలి

రెండేళ్లు దాటినా మాట రాని పాప, ఎనిమిది నెలలకూ మెడ నిలపని బాబు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాని స్థితి) అని తేలిన బిడ్డ. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ప్రైవేటు సెంటర్‌లో ప్యాకేజీ కట్టేముందు ఒకసారి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి వెళ్లి రావాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) కింద ఇవి నడుస్తాయి. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు చూస్తారు, ఫీజు లేదు. అంగన్‌వాడీకో బడికో వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందం చీటీ రాసిస్తే నేరుగా వెళ్లొచ్చు. చీటీ లేకపోతే పిల్లల ఓపీలో చూపించుకుని అక్కడి నుంచి రాయించుకోవచ్చు.

మా అంచనా ముందే చెప్పేస్తాం. బిడ్డకు ఏం లోటు ఉందో తేల్చడంలో డీఈఐసీ పద్ధతికి మంచి మార్కులు. పిల్లల డాక్టరు, స్పీచ్, ఫిజియో, సైకాలజిస్టు, కంటి పరీక్ష అన్నీ ఒకేచోట ఉండేలా దీన్ని రూపొందించారు కాబట్టి ఒకరు పట్టించుకోనిది ఇంకొకరు పట్టుకుంటారు. థెరపీ ఎన్నిసార్లు దొరుకుతుందన్న దగ్గర మాత్రం మార్కులు తక్కువే. ఒక్కో థెరపీకి జిల్లా మొత్తానికి ఒకరో ఇద్దరో థెరపిస్టులు. వారానికి ఒక రోజు వస్తే అరగంట, ముప్పావుగంట. బిడ్డ నేర్చుకునేది మిగిలిన ఆరు రోజుల్లో, ఇంట్లో. అందుకే ఇంట్లో ఏం చేయాలో కాగితం మీద రాయించుకోకుండా ఆ గది నుంచి బయటికి రాకండి. ఒక్కో వారానికి రెండు మూడు పనులు చాలు. పది రాయించుకుంటే ఒక్కటీ జరగదు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే మొదటి రోజే ఆ మాట చెప్పండి. 32 వారాలకు పుట్టి ఇప్పుడు 8 నెలలు ఉన్న బిడ్డను సుమారు 6 నెలల బిడ్డగా లెక్కవేసి చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా ఇదే లెక్క. ఇది మరిస్తే లేని ఆలస్యం కనిపిస్తుంది. ఎన్ఐసీయూ (నవజాత శిశువుల ఐసీయూ) డిశ్చార్జి కాగితం, తల్లీబిడ్డల కార్డు, బిడ్డ ఆధార్ ఉంటే ఉన్నవన్నీ ఒక ఫైలులో పెట్టి తీసుకెళ్లండి. వైకల్య సర్టిఫికెట్ వచ్చాకే థెరపీ అనుకుని కొందరు నెలలు పోగొట్టుకుంటారు. థెరపీకి అది అక్కర్లేదు. పింఛనుకు, ఉపకరణాలకు, బీమాకే దాని అవసరం.

స్పీచ్ థెరపీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మాట రాలేదని వచ్చిన ఏ బిడ్డకైనా ముందు వినికిడి పరీక్ష జరగాలి. తలుపు చప్పుడుకు తిరుగుతున్నాడు కదా, వినపడుతోందిలే అని ఇంట్లోవాళ్లే వద్దంటారు. పెద్ద చప్పుళ్లు వినపడి స, ష లాంటి సన్నని శబ్దాలు వినపడని పిల్లలు ఉంటారు. బెరా పరీక్ష, అంటే శబ్దానికి మెదడు స్పందనను ఎలక్ట్రోడ్లతో కొలిచే వినికిడి పరీక్ష, అక్కడ లేకపోతే ఈఎన్‌టీ విభాగానికి రాయమనండి. ఆ పరీక్షకు బిడ్డ నిద్రపోవాలి. ముందు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, తెల్లవారుజామున లేపి, బస్సులో కునుకు తీయనివ్వకుండా తీసుకెళ్లండి. నిద్ర మందు ఇస్తామంటే పాలు ఎన్ని గంటల ముందు ఆపాలో అడగండి. తలకు, నుదుటికి నూనె రాయకండి, ఎలక్ట్రోడ్లు అంటుకోవు. జలుబు చేసినా చెవి కారుతున్నా ఫలితం తేడా వస్తుంది, తగ్గాక వెళ్లండి.

ఆ తర్వాత థెరపీలో ఏం చేయిస్తున్నారో గమనించండి. విజిల్ ఊదించడం, కొవ్వొత్తి ఆర్పించడం, నాలుకకు మసాజ్ చేయడం, వీటితో మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. సమయమంతా అందులోనే గడిచిపోతుంటే ఎందుకని అడగండి. మంచి స్పీచ్ థెరపిస్టు బిడ్డతో పాటు తల్లిని కూర్చోబెట్టుకుంటారు. స్నానం చేయించేటప్పుడు చెంబు ఎత్తి "నీళ్లు" అని, పోయకుండా బిడ్డ మొహం చూస్తూ మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టమంటారు. చూపు, సైగ, చిన్న శబ్దం, ఏది వచ్చినా అప్పుడు పోయాలి. ఆగడం కష్టం, ముందే పోసేస్తాం. అందుకే ఆ పని గదిలో మీతో ఒకసారి చేయించాలి. బొమ్మల కార్డులు చూపించి అడగడం నేర్పితే ఇక మాట్లాడడేమోనన్న భయం వద్దు, అవి మాటకు అడ్డురావు. బడికోసమని ఇంట్లో తెలుగు మానేసి వచ్చీరాని ఇంగ్లిషులో మాట్లాడమని ఎవరైనా చెబితే వినకండి. రెండు భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. అమ్మానాన్నలు ధారాళంగా మాట్లాడే భాషే బిడ్డకు కావాలి.

ఫిజియోథెరపీలో తరచూ తేడా వచ్చేది ఏఎఫ్ఓ దగ్గర, అంటే చీలమండకు వేసే ప్లాస్టిక్ స్ప్లింట్ దగ్గర. సాక్సు ముడతలు లేకుండా తొడిగి, మడమ పూర్తిగా కిందికి దిగిందో లేదో చూసి, ముందు చీలమండ పట్టీ బిగించాలి, పిక్క పట్టీ తర్వాత. తిరగేసి చేస్తే మడమ పైకి లేచి పుండు పడుతుంది. మొదటి రోజు గంట చాలు, రోజూ కొంచెం పెంచండి. విప్పాక ఎర్రమచ్చ 20-30 నిమిషాల్లో పోకపోతే మళ్లీ తొడగకండి, సరిచేయించండి. బిడ్డ ఎదిగేకొద్దీ అది ఇరుకవుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉండి సొంతంగా నడవలేని పిల్లలకు తుంటి ఎముక మెల్లగా కీలు నుంచి జారే ప్రమాదం ఉంది. మొదట్లో నొప్పి కూడా ఉండదు. తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీయాలో మీరే అడగండి. చాలాచోట్ల ఎవరూ ఎత్తని ప్రశ్న ఇది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా బలవంతంగా కాళ్లు సాగదీయడం థెరపీ కాదు. పసిపిల్లలను కూర్చోబెట్టే చక్రాల వాకర్ ఇంట్లో ఉంటే తీసేయండి, అది నడక నేర్పదు.

తినడం, బట్టలు తొడుక్కోవడం లాంటి రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టు అన్ని డీఈఐసీల్లో ఉండరు. ఈ సేవలో పెద్ద వెలితి ఇదే. ఫిజియో, స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు నేర్పే టీచరు) ఆ పని కొంతవరకు చూస్తారు. లక్ష్యాలు రోజువారీ పనులే అయ్యుండాలి. తన చేత్తో తినడం లక్ష్యమైతే ఇడ్లీ ముక్కలతో మొదలుపెట్టి, గట్టిగా కలిపిన పప్పన్నానికి రావాలి. చారన్నం చివర. చొక్కా తొడుక్కోవడం చివరి మెట్టు నుంచి నేర్పాలి. అంతా మీరు తొడిగి, ఆఖరున కిందికి లాగే పని మాత్రం బిడ్డకు వదలండి. అది వచ్చాక ఒక మెట్టు వెనక్కి జరగండి.

జిల్లా కేంద్రం దూరమైతే మండలంలోని భవిత కేంద్రాన్నీ, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం విద్యాశాఖ నడిపే కేంద్రాన్నీ వాడుకోండి. సమగ్ర శిక్ష కింద చాలా మండలాల్లో ఫిజియోథెరపిస్టు వారంలో ఒక రోజు వస్తారు. డీఈఐసీ కాగితం అక్కడ చూపిస్తే రెండుచోట్లా థెరపీ ఒకే దారిలో సాగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న మేధోవైకల్యాల జాతీయ సంస్థ, ఇప్పటి ఎన్ఐఈపీఐడీ, అందుబాటులో ఉంది.

వారానికి ఒక్క రోజు చాలక ప్రైవేటుకు వెళ్తే స్పీచ్ థెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ల ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఫిజియో, ఆక్యుపేషనల్ వాళ్లకయితే బీపీటీ, బీఓటీ డిగ్రీ చూడండి. మూడు నెలల లక్ష్యం రాసివ్వని చోట, తల్లిని లోపలికి రానివ్వని చోట ముందస్తు డబ్బు కట్టకండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లలకు నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, అందులో థెరపీ ఖర్చుకూ కొంత వాటా ఉంది. బిల్లులన్నీ తేదీలతో దాచిపెట్టుకోండి.