బీట్‌రూట్ మొలకల కోసం గింజలు కొంటున్నారా? గులాబీ రంగులో వస్తే నానబెట్టకండి

ఆన్‌లైన్‌లో "మైక్రోగ్రీన్స్ (లేత ఆకులతోనే కోసి తినే మొలకలు) విత్తనాలు" అని అమ్మే బీట్‌రూట్ గింజలు కొనేవాళ్ళు ముందు ఇది చదవండి. నేను 100 గ్రాముల ప్యాకెట్ 240 రూపాయలకి కొన్నాను. డబ్బు సంగతి అలా ఉంచండి. మందు పట్టించిన గింజల మొలకల్ని పెరుగు పచ్చడిలో కలిపి నా చేత్తో ఇంటిల్లిపాదికీ వడ్డించాను. ఆ టెన్షన్ ఇంకా పోలేదు.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. పెసలు, మెంతులు మొలకెత్తించడం ఎప్పటినుంచో అలవాటే. ఎర్రటి కాడల బీట్‌రూట్ మొలకలు వీడియోలో చూసి ముచ్చటపడ్డాను. గింజలు జిప్ కవరులో వచ్చాయి, ముదురు గులాబీ రంగులో. దుంప ఎరుపే కాబట్టి గింజ కూడా అలాగే ఉంటుందనుకున్నాను. నానబెడితే నీళ్ళు హోలీ రంగులా అయ్యాయి. అయినా అనుమానం రాలేదు సరికదా, ఫోటో తీసి మా చెల్లికి కూడా పంపాను!

రెండో విడత నానబోసిన రోజు మా మావయ్యగారి కంటపడింది. ఆయన వ్యవసాయం చేసిన మనిషి. "ఇదేంటమ్మా, మొక్కజొన్న విత్తనాల రంగులో ఉన్నాయి? మందు పట్టించినవి కదా, ఎందుకు నానబోశావ్?" అన్నారు. తినడానికండీ అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా గిన్నె పట్టుకెళ్ళి పెరట్లో పెట్టేశారు.

విషయం ఏంటంటే, పొలంలో నాటే విత్తనాలకి బూజు, కుళ్ళు పట్టకుండా థైరమ్, క్యాప్టాన్ లాంటి మందులు పట్టిస్తారు. తినే గింజల్లో పొరపాటున కలిసిపోకూడదనే వాటికి రంగు వేస్తారు. నాటుకోవడానికైతే తప్పేం లేదు. బీట్‌రూట్‌తో చిక్కు మరీ ఎక్కువ. మనం గింజ అనుకునేది అసలు ఒక్క గింజ కాదు, రెండు మూడు గింజలు అతుక్కుని ఎండిన కాయ. అందుకే ఒక్కోదాంట్లోంచి రెండు మూడు మొలకలు వస్తాయి. ఆ గరుకు పొట్టు చాలాసార్లు లేత ఆకు కొసన అతుక్కునే పైకొస్తుంది. అంటే మందు పూసిన పొట్టే కంచంలోకి వస్తుందన్నమాట. మందు పట్టించని గింజ మట్టి రంగులో, ధనియం అంత ఉండి, ముడతలు పడి ఉంటుంది.

అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే "బాగా కడిగి వాడుకోండి మేడమ్" అన్నారు. కడిగితే పోయేదైతే పొలంలో తడి మట్టిలో అది నిలుస్తుందా? ఏ మందు పట్టించారో చెప్పమంటే జవాబు లేదు. విత్తనాలు వెనక్కి తీసుకోరట. 1968 నాటి విత్తన నిబంధనల ప్రకారం మందు పట్టిస్తే ఆ మాట, మందు పేరు, హానికరమైనదైతే తినడానికి వాడకూడదన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలి. నా కవరు మీద పువ్వుల బొమ్మ తప్ప ఏమీ లేదు. పెద్ద సంచీలోంచి తీసి చిన్న కవర్లలో పోసి అమ్ముతున్నారని నా అనుమానం.

మాకెవరికీ ఏమీ కాలేదు, ఒక్కసారే తిన్నాం. కొనేముందు "మందు పట్టించనివి, మొలకలు తినడానికి పనికొస్తాయి" అని అమ్మేవాళ్ళ చేత మెసేజ్‌లో రాయించుకోండి. రంగు లేదు కదా అని నమ్మేయకండి, లేబుల్ కూడా చూడండి.

మంచి గింజలు దొరికినా సీసాలో మొలకెత్తించకండి. బీట్‌రూట్ గింజ పొట్టు నీళ్ళు పట్టి ఉంచుతుంది. మన వైపు వానాకాలం ఉక్కలో మూడో రోజుకే కంపు కొడుతుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, ట్రేలో తడి కొబ్బరి పొట్టు మీద చల్లండి. కోనసీమ పక్కన ఉన్నవాళ్ళం, మనకి కొబ్బరి పొట్టుకేం కరువు? పెసలలా రెండు రోజుల్లో రావు, కోతకి రెండు వారాల దాకా ఓపిక పట్టాలి. గింజ పొట్టు అంటుకున్న ఆకులు ఏరేసి, కొబ్బరి పొట్టుకి పైన కత్తిరించుకోండి.

పచ్చివి తినే విషయంలో కూడా ఇప్పుడు భయం పట్టుకుంది. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా ఈ.కోలై అనే బ్యాక్టీరియా పాకి 50 మందికి పైగా చనిపోయారు. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో పప్పులో వేసి ఉడికించడమే మేలు. నేనైతే ఇక పెరుగు పచ్చడి జోలికి వెళ్ళను.

ఇప్పటికే గులాబీ గింజలు కొన్నవాళ్ళు వాటిని కోళ్ళకి వేయకండి. కాలవలో అసలే పారబోయకండి, ఆ నీళ్ళే చెరువు నింపి మనం తాగేది. మా మిగిలిన గింజల్ని మావయ్యగారు చేతికి కవరు తొడుక్కుని పెరటి మడిలో నాటేశారు, చుట్టూ కోళ్ళు రాకుండా వల కట్టారు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, కవరు ఫోటోలతో ఫిర్యాదు పెట్టాను. మీ దగ్గర కూడా అలాంటి కవరు ఉంటే పారేయకుండా దాచండి.