50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్: కొన్నేళ్ల వాడకం తర్వాత

చాలా కెమెరా కంపెనీలు 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్‌ను తయారు చేస్తాయి, సాధారణంగా వాటి జాబితాలో అతి చౌకైన లెన్సులలో అదొకటి. లెన్స్ ఎంత మేర దృశ్యాన్ని చూపుతుందో మి.మీ. అంకె చెబుతుంది, వెలుతురు వచ్చే రంధ్రం ఎంత పెద్దదిగా తెరుచుకుంటుందో ఎఫ్ అంకె చెబుతుంది; ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. ఎపిఎస్-సి అనే చిన్న సైజు సెన్సర్ (ఫొటోను నమోదు చేసే పలక) ఉన్న పాత కెమెరాకు దానిని బిగించుకుని విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లోను, పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ సందులలోను కొన్నేళ్లుగా తిరుగుతున్నాను. పెళ్లిళ్లకు గాని, పోటీలకు గాని ఫొటోలు తీయను. పనిలో ఉన్న మామూలు మనుషులను, వారి అనుమతితో తీయడమే నా అభిరుచి. ఆ అవసరానికి ఈ లెన్స్ ఎంతవరకు అక్కరకు వచ్చిందో మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో జూమ్ లేదు. చిన్న సెన్సర్ మీద ఇది ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాలో 75 నుంచి 80 మి.మీ. లెన్స్ చూపేంత దృశ్యాన్నే చూపుతుంది. ప్రఖ్యాత ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్-బ్రెసాన్ ఎక్కువగా 50 మి.మీ. వాడారని విని కొనేవారు, ఆయన దానిని 35 మి.మీ. ఫిల్మ్ మీద వాడిన సంగతి, అందులో అది ఇంకా విశాలమైన దృశ్యాన్ని చూపే సంగతి గుర్తుంచుకోవాలి. నిలబడిన మనిషిని తల నుంచి పాదాల దాకా నిలువు ఫ్రేములో పట్టాలంటే నాలుగు మీటర్లకు పైగా వెనక్కి జరగాలి, రెండు మీటర్ల నుంచి తీస్తే నడుము పై భాగమే వస్తుంది. నా ఫొటోలలో ఎక్కువ భాగం ఆ రెండు మీటర్ల నుంచి తీసినవే. అంత దగ్గర నిలబడి ఎదుటివారికి తెలియకుండా తీయడం కుదరదు, పలకరించక తప్పదు. ఈ లెన్స్ మీద నాకున్న ఇష్టానికి మొదటి కారణం అదే.

హార్బర్‌లో కోనాం చేపను కోస్తున్న ఒకావిడను "ఫొటో తీసుకోవచ్చా అమ్మా?" అని అడిగితే, చేతిలో పని ఆపకుండానే "నన్నెందుకు బాబూ, చేపని తియ్యి" అన్నారు. చేపనే తీసి కెమెరా వెనుక తెర మీద చూపించాను. ఆవిడ పరీక్షగా చూసి, "తల తెగిపోనాది, మల్లీ తియ్యి" అంటూ చేపను తానే పైకెత్తి పట్టుకున్నారు. ఆ రెండో ఫొటోలో చేప, ఆవిడ చేతులు, ముఖం మూడూ ఉన్నాయి. వద్దని తల ఊపేవారూ ఉంటారు, అప్పుడు కెమెరా దించి నమస్కరించి ముందుకు సాగుతాను.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. మిగతా రోజుల్లో చేపల వేలం పాటల హడావిడిలో మాట్లాడే తీరిక లేనివారు ఆ రోజులలో వలలు బాగుచేస్తూ, బోట్లకు రంగులు వేస్తూ కనిపిస్తారు. అంతకుముందు తీసిన ఫొటోల ప్రింట్లను నేను అప్పుడే పంచుతాను. కెమెరా ఫ్రేమూ, 4×6 అంగుళాల ప్రింటూ ఒకే నిష్పత్తిలో ఉంటాయి కనుక అంచులు కత్తిరించవలసిన పని లేదు. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున అచ్చు వేసినా ఆ ప్రింటుకు 1800×1200 పిక్సెళ్లు, అంటే దాదాపు 22 లక్షలు సరిపోతాయి. ఇందుకోసం కొత్త కెమెరా కొనవలసిన అవసరం నాకు ఎన్నడూ కనిపించలేదు.

తెల్లవారుజామున వేలం జరిగే వేళ ఎఫ్/1.8 విలువ తెలుస్తుంది. కెమెరాతో వచ్చే మామూలు జూమ్ 55 మి.మీ. వద్ద ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు, దానికంటే ఇది దాదాపు పది రెట్ల వెలుతురును లోపలికి రానిస్తుంది. అయితే రెండు మీటర్ల వద్ద ఎఫ్/1.8తో తీస్తే 11 సెంటీమీటర్ల లోతు మాత్రమే స్పష్టంగా వస్తుంది. 2023 నవంబరులో హార్బర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. ఆ తర్వాత, నేను లోగడ ఫొటో తీసిన ఒక పెద్దాయన "నా ఎనకాల బోటు అగుపడే పొటో ఉందా బాబూ?" అని అడిగారు. ఫొటో ఉంది. ఆయన ముఖం మీద ప్రతి ముడతా అందులో కనిపిస్తోంది గాని, వెనుక ఉన్న బోటు నీలిరంగు మరకగా మిగిలింది, దాని మీద రాసిన పేరు చదవడానికి వీలు కాలేదు. ఈ లెన్స్‌ను అందరూ మెచ్చుకునేది ఆ మసక నేపథ్యానికే. రోజువారీ జీవితాన్ని తీసేవారికి మాత్రం మనిషి వెనుక ఉన్న చోటు కూడా మనిషంత ముఖ్యమని నా అభిప్రాయం, అందుకే ఎండ వచ్చాక రంధ్రాన్ని ఎఫ్/8కి తగ్గించి, వెనుక ఉన్నదీ మరింత స్పష్టంగా వచ్చేలా తీస్తున్నాను.

నా లెన్స్‌లో చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు లేదు కనుక షట్టర్ వేగాన్ని సెకనులో 125వ వంతు కన్నా తగ్గించను. నీటి తుంపరలను ఆపే రబ్బరు అంచు కూడా లేదు, సముద్రపు గాలిలో తిరిగి వచ్చిన ప్రతిసారీ మెత్తని గుడ్డతో తుడవాలి. హార్బర్ వంటి ఆరుబయట స్థలాలకు మళ్లీ కొనవలసి వచ్చినా దీనినే కొంటాను. కురుపాం మార్కెట్ వంటి ఇరుకు చోట్లకు మాత్రం, మూడు మీటర్ల దూరం నుంచే నిలువెత్తు మనిషిని పట్టగల 35 మి.మీ. లెన్స్ కోసం డబ్బు కూడబెడుతున్నాను.