ఏడేళ్లుగా ఎక్స్‌టర్నల్ స్టైల్ షీట్‌తో: హనుమకొండ నుంచి ఒక సమీక్ష

హనుమకొండలో చిన్న దుకాణాలకు, సంఘాలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడం నా వృత్తి. సైటు రంగులు, అక్షరాల కొలతలు, ఖాళీలు అన్నీ విడిగా ఒక సీఎస్ఎస్ (పేజీ రూపాన్ని నిర్దేశించే భాష) ఫైలులో, అంటే ఎక్స్‌టర్నల్ స్టైల్ షీట్‌లో రాసి, ప్రతి పేజీ కోడ్‌లో మొదట ఉండే హెడ్ భాగంలో ఒక్క లింక్ ట్యాగ్‌తో (ట్యాగ్ అంటే పేజీ కోడ్‌లో రాసే గుర్తు) దాన్ని తగిలించే పద్ధతిని 2018 నుంచి వాడుతున్నాను. అంతకుముందు రంగు కావలసిన ప్రతిచోటా ట్యాగులోనే స్టైల్ రాసేవాణ్ని.

ఆ ఏడాదే వరంగల్ దర్రీలకు (చేనేత తివాచీలకు) భౌగోళిక గుర్తింపు వచ్చింది. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసేవారి ఒక సంఘం, ఆ సంగతి అందరికీ కనబడేలా తమ సైటును కొత్తగా తీర్చమని అడిగింది. పేజీలు నలభై మూడు. శీర్షికల ఎరుపును ముదురు నీలంగా మార్చడానికే నాకు రెండు రాత్రులు పట్టింది; అయినా మూడు పేజీల్లో పాత ఎరుపు అలాగే మిగిలిపోయి, సంఘం పెద్దమనిషి కంటపడింది. ఆ వారమే అన్నింటినీ ఒకే ఫైలులోకి తెచ్చాను. ఆ తర్వాత నీలాన్ని మళ్లీ మార్చమన్నప్పుడు ఒక్క వరుస దిద్దితే సరిపోయింది. విషయాన్ని, దాని రూపాన్ని వేరు చేయాలన్నది ఈ భాష పుట్టుకలోనే ఉన్న ఆలోచన. దీన్ని 1994లో హాకన్ వియమ్ లీ ప్రతిపాదించగా, 1996 డిసెంబరులో వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ త్రీ సీ సంస్థ మొదటి ప్రమాణంగా ఆమోదించింది. నాకు మాత్రం అది ఆ మూడు ఎర్ర శీర్షికల వల్లే అర్థమైంది.

తెలుగులో సైట్లు చేసేవారికి ఈ పద్ధతి వల్ల కలిగే మేలు మరొకటి ఉంది. ఇంగ్లిష్ అక్షరాలకు చాలిన వరుస ఎత్తు మన లిపికి చాలదు. 'రాజ్యలక్ష్మి', 'స్త్రీల' వంటి మాటల్లో కింది ఒత్తులు తర్వాతి వరుసలోని గుడులకు తగులుతాయి, బటన్లలోనైతే సగానికి తెగిపోతాయి. లైన్ హైట్ (వరుస ఎత్తు) అక్షరం కొలతకు 1.3 రెట్లుగా ఉన్న ఒక సైటులో అచ్చం ఇదే జరిగింది. పేజీ మొత్తానికి వర్తించే బాడీకి 1.7 అని, బటన్లకు కింద కొంచెం ఎక్కువ ప్యాడింగ్ (లోపలి ఖాళీ) అని రాయగానే అన్ని పేజీలూ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నాయి. అప్పటినుంచి కొత్త సైటు ఏది మొదలుపెట్టినా నేను రాసే మొదటి వరుస అదే.

ఇక ఇబ్బందులు. అన్నిటికన్నా ఎక్కువగా విసిగించినది బ్రౌజర్ క్యాష్, అంటే బ్రౌజర్ ఫైళ్లను దాచుకునే చోటు. ఒకసారి తెచ్చుకున్న సీఎస్ఎస్ ఫైలును బ్రౌజర్ దాచుకుంటుంది కాబట్టే రెండో పేజీ నుంచి సైటు చకచకా తెరుచుకుంటుంది. కానీ ఆ గుణమే మార్పులు చేసిన రోజున తలనొప్పి అవుతుంది. "తమ్మీ, నా ఫోన్ల ఇంకా పాత రంగే కనవడ్తాంది" అని సంఘం పెద్దమనిషి ఫోన్ చేసినప్పుడు, నా కంప్యూటర్‌లో అంతా సవ్యంగానే ఉంది. సైటు ఫైళ్లను ఉంచి అందించే ఆ హోస్టింగ్ సర్వర్ ఫైలును ఏడాదిపాటు దాచుకోవచ్చని బ్రౌజర్లకు చెబుతోందని తెలుసుకోవడానికి నాకు ఒక పూట పట్టింది. ఇప్పుడు మార్పు చేసిన ప్రతిసారీ లింక్‌లో ఫైలు పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి వెర్షన్ అంకె పెంచుతున్నాను. చిరునామా మారింది కాబట్టి బ్రౌజర్ కొత్త ఫైలునే తెచ్చుకుంటుంది.

కొత్తగా చేసేవారు తప్పక పడే గుంత ఒకటుంది. ఫైలు పేరులో మొదటి అక్షరం పెద్దదిగా, లింక్‌లో చిన్నదిగా రాసినా విండోస్‌లో పని నడిచిపోతుంది. కానీ సాధారణంగా లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే హోస్టింగ్ సర్వర్‌కు అవి రెండూ వేర్వేరు పేర్లు. ఈ పద్ధతిలో నా మొదటి సైటు అప్‌లోడ్ చేసిన రోజున తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలే కనిపించాయి. సీఎస్ఎస్ ఫైలులో రాసే బొమ్మ దారి (బొమ్మ ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా) కూడా ఇలాంటిదే: దాన్ని పేజీ ఉన్న చోటు నుంచి కాదు, సీఎస్ఎస్ ఫైలు ఉన్న చోటు నుంచే లెక్కించాలి.

తప్పు రాస్తే సీఎస్ఎస్ నోరు మెదపదు. ఒక మూసే బ్రాకెట్ మరచిపోతే దాని కింది నియమాలు పనిచేయడం మానేస్తాయి తప్ప, ఎక్కడ తప్పిందో పేజీ చెప్పదు. రెండు నియమాల బలం సమానమైతే తర్వాత రాసినదే చెల్లుతుంది. బలాల్లో తేడా ఉంటే ట్యాగ్ కన్నా క్లాస్ (కొన్ని భాగాలకు కలిపి పెట్టే పేరు), క్లాస్ కన్నా ఐడీ (ఒకే భాగానికి పెట్టే పేరు) నెగ్గుతాయి. ఇది ఒంటబట్టక మునుపు చిక్కు వచ్చిన ప్రతిచోటా, మిగతా నియమాలను తోసిపుచ్చే ఇంపార్టెంట్ అనే మాట తగిలించేవాణ్ని. చివరకు దేన్ని మార్చాలన్నా మరో ఇంపార్టెంట్ అవసరమయ్యేది. ఆ ఫైలును మళ్లీ మొదటినుంచి రాసుకోవలసి వచ్చింది.

వేగం విషయంలో దీని మీద నాకు పూర్తి సంతృప్తి లేదు. హెడ్‌లో ఉన్న సీఎస్ఎస్ వచ్చేదాకా బ్రౌజర్ పేజీని చూపదు. ములుగు దాటి ఏటూరునాగారం వైపు వెళుతూ సిగ్నల్ సన్నగిల్లిన చోట నా సైటునే తెరిచి చూస్తే, చాలాసేపు తెల్ల తెరే కనిపించింది. ఎక్కడినుంచో తెచ్చిపెట్టుకున్న రెడీమేడ్ ఫ్రేమ్‌వర్క్‌లో (ముందే రాసిపెట్టిన నియమాల కట్టలో) నేను వాడనిదే ఎక్కువ. దాన్ని తీసేసి, కావలసిన నియమాలు మాత్రమే ఉంచాక పరిస్థితి బాగుపడింది. ఒక సీఎస్ఎస్‌లోంచి మరోదాన్ని ఇంపోర్ట్ చేయడం, అంటే పిలిపించడం కూడా మానేశాను, ఎందుకంటే మొదటిది చేరి చదివేదాకా రెండోది ఉన్నట్టే బ్రౌజర్‌కు తెలియదు.

దీని హద్దు 2021లో తెలిసింది. వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా మారినప్పుడు నా సైట్లన్నిటిలో చిరునామాలు మార్చవలసి వచ్చింది. రంగునైతే ఒక్క వరుసలో మార్చే ఆ ఫైలు జిల్లా పేరు దగ్గర ఏ సాయమూ చేయలేదు. పేజీల అడుగు భాగాన్ని కూడా సర్వర్‌లో ఒకే ఫైలుగా పెట్టుకోవడం అప్పుడే మొదలుపెట్టాను.

పెళ్లి పిలుపుల కోసం చేసే ఒంటి పేజీలకు మాత్రం ఇప్పటికీ స్టైల్‌ను ఆ పేజీలోనే రాస్తున్నాను. పెళ్లి అయిపోగానే ఆ పేజీని తీసేస్తాం, దానికి మరో ఫైలు దండగ.