తీర్పు ఏఐదా, అధికారిదా?

వరంగల్, హనుమకొండ కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణికి వచ్చే అర్జీలకు ఏఐని వాడదలిస్తే దారులు రెండు. ఒకటి, అర్హతను ఏఐయే తేల్చడం. రెండోది, అర్జీ చదివి ఏ శాఖదో విడదీసి ఇవ్వడం వరకే దాని పని.

ఖర్చు: మొదటిది చౌకగా కనిపిస్తుంది, తప్పులు దిద్దే ఖర్చును ఎవరూ లెక్కలో వేయరు కాబట్టి. రెండోదానికి సిబ్బంది జీతాలు తప్పవు.

శ్రమ: మొదటి దారిలో శాఖల రికార్డులన్నీ కలపాలి. రెండో దారిలో ఏఐకి చేతిరాత అర్జీలు చదవడం నేర్పాలి. కొన్ని చేతిరాతలు మనకే అర్థం కావు!

ముప్పు: అసలు తేడా ఇదే. తెలంగాణలోని సమగ్ర వేదిక అనే ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ వేర్వేరు శాఖల రికార్డుల్లోని పేర్లను జతకలుపుతుంది. పేర్లు దగ్గరగా ఉంటే కారు ఒకరిది, రేషన్ కార్డు పోయేది మరొకరిది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. రెండో దారిలో పొరపాటు జరిగితే అర్జీ వేరే బల్ల మీదికి వెళ్తుంది, అంతే. బియ్యం ఆగవు.

వీధిదీపం, మురికికాలువ ఫిర్యాదులను ఏఐకే వదిలేయవచ్చు. పింఛను, రేషన్ కోతల దగ్గర మాత్రం సంతకం పెట్టే అధికారి ఉండాలి, కారణం తెలుగులో రాసివ్వాలి.