రోడ్డు విస్తరణలో స్థలం పోతే ఏది మేలు: నగదా, టీడీఆర్ బాండా, సెట్‌బ్యాక్ మినహాయింపా?

గోడ మీద ఎర్ర రంగుతో గీత పడిన మర్నాటి నుంచి ఆ వీధిలో అందరూ ఇదే మాట్లాడుకుంటారు. మాస్టర్‌ప్లాన్‌లో అరవై అడుగులని ఉంది, కౌన్సిల్ తీర్మానం చేసేసింది, టౌన్‌ప్లానింగ్ వాళ్లు నోటీసు ఇచ్చి వెళ్లారు. దాంతోపాటే ఒక సమ్మతి పత్రం చేతిలో పెట్టి ‘టీడీఆర్ తీసుకోండి, నాలుగింతలు వస్తుంది’ అంటారు. టీడీఆర్ అంటే పోయిన స్థలానికి డబ్బు బదులు బాండు రూపంలో ఇచ్చే నిర్మాణ హక్కు, దాన్ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పక్కింటాయన కోర్టుకు వెళ్దామంటాడు. ఎదురింటాయన డబ్బే కావాలంటాడు. మధ్యలో మీరు.

మునిసిపాలిటీ ముందుగా టీడీఆర్ మాటే ఎత్తడానికి కారణం ఉంది. చిన్న పట్టణాల కౌన్సిళ్లకు ఆస్తిపన్ను, నీటి పన్ను వసూళ్లు జీతాలకూ కరెంటు బిల్లులకూ సరిపోతే గొప్ప. కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో చాలా భాగం తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి పనులకే ముడిపడి ఉంటుంది. నగదు ఇవ్వాలంటే పై నుంచి మంజూరు రావాలి. బాండుకైతే ఖజానా నుంచి పైసా కదలదు. వాళ్లకు సులువైనదే మీకూ లాభమైనది కావాలని ఏమీ లేదు. అలాగని ప్రతిసారీ నష్టమనీ చెప్పలేం.

ఒక ఉదాహరణతో లెక్క వేద్దాం. 30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు ఉన్న 150 గజాల ప్లాటు. ముందున్న 40 అడుగుల రోడ్డు 60 అవుతోంది. మధ్యగీత నుంచి చెరో సగం కొలిస్తే మీ వైపు 10 అడుగులు పోతాయి. అంటే 300 చదరపు అడుగులు, సుమారు 33 గజాలు. రిజిస్ట్రేషన్ శాఖ విలువ గజం 15,000 అనుకుందాం. పోయే స్థలం విలువ 5 లక్షలు.

నగదు లెక్క

2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణంలో మార్కెట్ విలువకు గుణకం 1, అంటే ఉన్న విలువే లెక్క. దాని మీద నూటికి నూరు సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ము, వస్తుంది. కట్టడం విలువను ఇంజనీరు విడిగా కడతాడు, సొలేషియం దానికీ వర్తిస్తుంది. పోయే వరండా, ముందుగది విలువ 2 లక్షలనుకుంటే మొత్తం 7 లక్షలు, సొలేషియంతో 14 లక్షలు. ఇంకా తొలి ప్రకటన తేదీ నుంచి మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం చేరుతుంది. సెక్షన్ 96 వల్ల ఈ పరిహారానికి ఆదాయపు పన్ను లేదు.

మార్కెట్ విలువ అంటే బజారు ధర అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ శాఖ విలువ, గత మూడేళ్లలో దగ్గర్లో జరిగిన అమ్మకపు దస్తావేజుల్లో ఎక్కువ ధర ఉన్న సగం దస్తావేజుల సగటు, ఒప్పందం మీద తేలిన ధర: ఈ మూడింట్లో ఏది ఎక్కువైతే అది. వీధంతా ప్రభుత్వ విలువకే రిజిస్టర్ చేయించుకుని మిగతాది చేతి మీద ఇచ్చిపుచ్చుకుని ఉంటే, ఆ సగటు కూడా కిందే ఉంటుంది. స్టాంపు డ్యూటీలో మిగిల్చుకున్నది ఇక్కడ పోతుంది. బ్యాంకు రుణంతో కొన్నవాళ్లు పూర్తి ధర చూపించిన దస్తావేజులు దగ్గర్లో ఏమైనా ఉన్నాయేమో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికి, వాటి ధ్రువీకృత నకళ్లు విచారణ సమయంలోనే ఫైల్లో పెట్టించాలి. 

ఈ దారిలో ఆలస్యం ఎక్కువ. కౌన్సిల్ తీర్మానం చేసినంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదు. ఆర్డీవో ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మునిసిపాలిటీ సొమ్ము డిపాజిట్ చేసిందా? చేయకపోతే ఆ ఫైలు ఎన్నాళ్లు నడుస్తుందో ఎవరూ చెప్పలేరు. అయితే పరిహారం పూర్తిగా చెల్లించే దాకా స్వాధీనం చేసుకోకూడదన్నది సెక్షన్ 38లోని నియమం, కాబట్టి ఆలస్యం జరిగినన్నాళ్లూ ఇల్లు మీ చేతిలోనే ఉంటుంది. చెల్లించకుండా స్వాధీనం చేసుకుంటే మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ.

డబ్బు తీసుకునేటప్పుడు రసీదు మీద ‘అభ్యంతరంతో తీసుకుంటున్నాను’ అని రాయాలి. అది రాయకుండా తీసుకుంటే సెక్షన్ 64 కింద పెంపు అడిగే హక్కు పోతుంది. అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) ఇచ్చిన రోజున మీరు హాజరై ఉంటే ఆ దరఖాస్తుకు గడువు ఆరు వారాలే.

బాండు లెక్క

టీడీఆర్ నిష్పత్తి ఇచ్చిన స్థలం ఏ అవసరానికన్నదాన్ని బట్టి మారుతుంది. రోడ్డు విస్తరణకు 400 శాతం అంటారు. మన 33 గజాలకు 133 గజాల నిర్మాణ హక్కు, అదే గజం 15,000 చొప్పున కాగితం మీద 20 లక్షలు. నగదుకు 14, బాండుకు 20. ఇక్కడితో ఆగిపోయే వాళ్లే ఎక్కువ.

ఆ 20 లక్షలు కొనేవాడు దొరికితేనే. మన నిర్మాణ నిబంధనల్లో ప్రధానంగా ప్లాటు సైజు, రోడ్డు వెడల్పు, ఎత్తు, సెట్‌బ్యాక్‌ల (కట్టడం చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా) లెక్క నడుస్తుంది. బాండుతో వచ్చేది సాధారణంగా అదనపు అంతస్తు. హైదరాబాద్‌లో బిల్డరుకు ఆ అదనపు అంతస్తు బంగారం. రెండంతస్తులే నిండని పట్టణంలో దాన్ని ఎవరు కొంటారు? ఊళ్లో ఏటా కడుతున్న అపార్టుమెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటట్టుంటే, ఒకే రోడ్డు మీద నూట యాభై మందికి బాండ్లిచ్చాక ధర ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

పైగా కొనేవాడి స్థలం మీ వీధికన్నా ఖరీదైన చోట ఉంటే హక్కు కుదించుకుపోతుంది, ఎందుకంటే రెండు చోట్లా రిజిస్ట్రేషన్ విలువల నిష్పత్తి చూస్తారు. మీ దగ్గర గజం 15,000, అతని దగ్గర 30,000 అయితే మీ 133 గజాలు అక్కడ 66 గజాలే. బాండు ఏయే పట్టణాల్లో చెల్లుతుందో కూడా ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నోటిమాట పనికిరాదు.

అమ్ముకోవడానికే బాండు అయితే గుర్తు పెట్టుకోవాల్సిన గీటురాయి ఇది. స్థలం విలువకు నగదు రెండింతలు, బాండు నాలుగింతలు. కాబట్టి ఖాళీ స్థలం పోతున్నప్పుడు బాండు ముఖవిలువలో సగం కన్నా ఎక్కువకు అమ్ముడుపోతేనే నగదును దాటుతుంది. కట్టడం కూడా పోతుంటే ఈ గీత ఇంకా పైకి జరుగుతుంది. మన ఉదాహరణలో కట్టడానికి విడిగా ఏమీ ఇవ్వకపోతే 70 శాతం రావాలి. నిష్పత్తి 200 శాతమే అయితే ఖాళీ స్థలానికి కూడా బాండు నగదుతో సమానం కావాలన్నా పూర్తి ముఖవిలువ రావాలి, చిన్న ఊళ్లో అది జరగదు. అమ్మితే వచ్చే లాభం మీద పన్ను సంగతి ఆడిటర్‌ని విడిగా అడగాలి. సెక్షన్ 96 రక్షణ ఇక్కడికి రాదు.

తణుకులో బాండ్ల జారీ వ్యవహారం ఏసీబీ విచారణ దాకా వెళ్లిన సంగతి తెలిసిందే. ఏ నిష్పత్తి వర్తిస్తుంది, ఏ విలువ కట్టారు అన్నదే అక్కడి గొడవ. దాని తర్వాత కొనేవాళ్లు బాండు వెనకున్న ఫైలంతా అడుగుతున్నారు: తీర్మానం ప్రతి, జాయింట్ కొలతల స్కెచ్, విలువ ధ్రువపత్రం, మునిసిపాలిటీ పేర రాసిన గిఫ్ట్ డీడ్. ఇవన్నీ మీ దగ్గర లేకపోతే ధర ఇంకా తగ్గిస్తారు.

మినహాయింపు లెక్క

దీని గురించి అధికారులు తక్కువ చెబుతారు, జనం తక్కువ అడుగుతారు. ఇల్లు ఎలాగూ పడగొట్టి కట్టాల్సిన వాళ్లకు నా ఓటు దీనికే.

2012 నాటి జీవో 168లో రోడ్డు విస్తరణకు స్థలం ఉచితంగా ఇచ్చినవాళ్లకు టీడీఆర్ బదులుగా సెట్‌బ్యాక్‌లలో సడలింపు తీసుకునే వీలుంది. ఆంధ్రప్రదేశ్‌లో దాని స్థానంలో 2017 నుంచి జీవో 119 నిబంధనలు ఉన్నాయి. తెలంగాణ, ఆంధ్ర రెండు చోట్లా తర్వాత సవరణలు వచ్చాయి కాబట్టి ప్లాను పెట్టే రోజున అమల్లో ఉన్న ప్రతినే చూడాలి. 168 ప్రకారం విస్తరించిన రోడ్డు 30 మీటర్లు, ఆపైన ఉంటే ముందు 6 మీటర్లు వదలాలి. 18 నుంచి 30 లోపు ఉంటే 3 మీటర్లు, 18 కన్నా తక్కువైతే 2 మీటర్లు. అంతకు మించి ముందు జాగా అడగరాదు. 750 చదరపు మీటర్ల లోపు ప్లాట్లకు వీలును బట్టి సెల్లారు కూడా అనుమతించవచ్చు. దీనికి పై హద్దు: స్థలం పోకముందు మొత్తం ప్లాటులో కట్టగలిగేదానికి, ఇచ్చిన స్థలానికి వచ్చే టీడీఆర్ విస్తీర్ణం కలిపితే ఎంతో అంతవరకే.

అంటే బాండు విలువను కొనేవాడి కోసం వెతక్కుండా మీ ఇంట్లోనే వాడుకుంటున్నారు. తగ్గింపు లేదు, బేరం లేదు. ఖర్చు మాత్రం మీదే, కట్టుకునే స్తోమత ఉండాలి. రోడ్డు వెడల్పయ్యాక ముందు భాగం దుకాణాలకు పనికొస్తుంది కాబట్టి చాలాచోట్ల ఆ ఖర్చు అద్దెల్లో తిరిగి వస్తుంది. అయితే మాస్టర్‌ప్లాన్‌లో ఆ వైపు నివాస జోన్‌గానే ఉంటే షట్టర్లు పెట్టడానికి ముందు భూవినియోగం సంగతి తేల్చుకోవాలి. రోడ్డు వెడల్పయినంత మాత్రాన జోన్ దానంతటదే మారదు.

అసలు తేల్చేది మిగిలే ముక్క

ఎంత పోతోందనే దాని మీదే అందరి దృష్టీ ఉంటుంది. నా లెక్కలో ఎంపికను నిర్ణయించేది మిగిలేది. మన ఉదాహరణలో లోతు 35 అడుగులు మిగిలింది. రోడ్డు 60 అడుగులు, అంటే 18 మీటర్లు కాబట్టి ముందు 3 మీటర్లు, దాదాపు 10 అడుగులు వదలాలి. ఇంటికి 25 అడుగులు. కట్టుకోవచ్చు, మినహాయింపే మేలు.

అదే ప్లాటు లోతు మొదటే 25 అడుగులైతే? 15 మిగిలి, అందులో 10 వదిలితే 5 అడుగుల గోడ. అలాంటి వాళ్లు బాండుకు సంతకం పెడితే ఆ ముక్క వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. భూసేకరణ దారిలో వెళ్తే సెక్షన్ 94 ఉంది: ఇంట్లో కొంత భాగమే తీసుకుంటామంటే, మొత్తం తీసుకోండి అని యజమాని కోరవచ్చు. మొత్తం వద్దనుకుంటే, ముక్కయినందుకు మిగిలిన భాగానికి కలిగే నష్టాన్ని సెక్షన్ 28 కింద లెక్కలో చేర్చమని అడగొచ్చు. ఈ రెండు హక్కులూ ‘ఉచితంగా ఇస్తున్నాను’ అనే ఒక్క వాక్యంతో చేజారిపోతాయి. అందుకే సమ్మతి పత్రం మీద సంతకానికి ముందు మిగిలే స్థలం స్కెచ్ గీయించాలి, ఆ తర్వాతే మాట.

మూల ప్లాటు వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. కూడలి దగ్గర మూల కోత (మూలను ఏటవాలుగా కోసి వదిలే భాగం) కూడా వదలాలి. 12 మీటర్ల లోపు రోడ్లకు 3 మీటర్ల చొప్పున, 24 మీటర్ల దాకా 4.5, ఆపైన 6. మార్కింగ్ చేసేటప్పుడు ఇది గీయకపోవచ్చు, ప్లాను పెట్టినప్పుడు బయటపడుతుంది. కొలతల రోజునే స్కెచ్‌లో వేయించి, దానికీ పరిహారం లెక్క కట్టించుకోవాలి.

కోర్టు గురించి రెండు ముక్కలు. నోటీసు, విచారణ లేకుండా కూలగొట్టడానికి వస్తే వెళ్లాల్సిందే. 2024లో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆస్తి హక్కుకు సంబంధించిన రాజ్యాంగం 300ఎ అధికరణ కింద నోటీసు, అభ్యంతరాలు వినడం, న్యాయమైన పరిహారం సహా ఏడు హక్కులను లెక్కపెట్టి చెప్పింది. కానీ మాస్టర్‌ప్లాన్ రోడ్డునే రద్దు చేయిస్తానని వెళ్లడం దండగ. ఇక అధికారులు వేరేచోట స్థలం ఇస్తామంటే, పట్టా చేతికొచ్చే దాకా అది హామీనే.

ఏ దారి ఎంచుకున్నా పడగొట్టే పని మాత్రం మునిసిపాలిటీ జేసీబీకి వదలొద్దు. గీత దగ్గర స్లాబును యంత్రంతో లాగితే లోపలి ఇనుము గుంజుకుని వెనక గదుల్లో పగుళ్లు వస్తాయి. గీతకు లోపల కొత్త పిల్లర్లు, దూలం వేసి, సెంట్రింగ్ ఆసరా పెట్టి, స్లాబును కట్టర్‌తో కోయించాలి. మళ్లీ కట్టేటప్పుడు కొత్త రోడ్డు, కాలువ ఎంత ఎత్తుకు వస్తాయో ఇంజనీరింగ్ విభాగంలో అడిగి రాయించుకుని, పునాది ఎత్తు దాన్ని బట్టి పెట్టుకోవాలి. లేకపోతే మొదటి వానకే కాలువ నీళ్లు వసారాలోకొస్తాయి. బ్యాంకు రుణం ఉన్న ఇల్లయితే గిఫ్ట్ డీడ్‌కు ముందు బ్యాంకు అనుమతి పత్రం కావాలి. పని అయ్యాక ఆస్తిపన్ను కొలతలు మళ్లీ తీయమని దరఖాస్తు పెట్టాలి, లేకపోతే పోయిన గదులకు కూడా డిమాండు నోటీసు వస్తూనే ఉంటుంది.