గోథియా కప్పుకు పిల్లల్ని సిద్ధం చేసే మా హనుమకొండ క్లబ్బు: ఇద్దరు పిల్లల్ని పంపిన తల్లి సమీక్ష

హనుమకొండలో కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు కలిసి నడుపుతున్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బు, డబ్బు కుదిరిన సంవత్సరాల్లో తన బాలబాలికల జట్లను స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జూలై నెలలో జరిగే గోథియా కప్పు అనే పిల్లల ఫుట్‌బాల్ పోటీకి తీసుకువెళుతుంది. మా అమ్మాయి 2023లో, మా అబ్బాయి 2025లో ఆ జట్లతో వెళ్లివచ్చారు. ప్రయాణానికి ముందు నెలల తరబడి క్లబ్బు నడిపే సన్నాహక కార్యక్రమం ఎలా ఉంటుందో, అందులో ఏది అక్కరకు వచ్చిందో, దేనికి డబ్బు దండగో రాయాలనుకున్నాను. కొన్ని విషయాల్లో నాకు గట్టి ఫిర్యాదులే ఉన్నాయి, వాటిని నిర్వాహకులకు ముఖాముఖిగానే చెప్పాను కాబట్టి ఇక్కడ క్లబ్బు పేరు రాయడం లేదు.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. కాగితాల విషయంలో వీళ్ల పట్టుదల, తమ పనులు తామే చేసుకునేలా పిల్లలను తయారుచేసే పద్ధతి చాలా బాగున్నాయి. ఆటలో ఇచ్చే శిక్షణ ఫరవాలేదు. ఖర్చుల లెక్క చెప్పడంలో మాత్రం ఇంత జాగ్రత్త గల మనుషులు ఇంత అస్పష్టంగా ఎందుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

1975లో మొదలైన గోథియా కప్పుకు డెబ్బై దాకా దేశాల నుంచి వెయ్యికి పైగా జట్లు వస్తాయి. గ్రూపు మ్యాచుల్లో పైన నిలిచిన జట్లు 'ఏ' (A) విభాగపు నాకౌట్‌కు, మిగిలినవి 'బీ' (B) విభాగానికి వెళతాయి కాబట్టి ఓడిన పిల్లలు కూడా మర్నాడే బ్యాగు సర్దుకోవలసిన పని ఉండదు. 2023లో పంజాబ్‌కు చెందిన మినర్వా అకాడమీ పిల్లలు తమ వయసు విభాగంలో కప్పు గెలిచాక మా తల్లిదండ్రుల్లో కొందరికి ఆశలు మితిమీరాయి. 2025 యాత్ర కోసం పెట్టిన మొదటి సమావేశంలోనే కోచ్ ఆ ఆశల మీద నీళ్లు చల్లారు. వాళ్లు ఏడాది పొడవునా హాస్టల్లో ఉండి ఆడేవాళ్లని, మన పిల్లలు బడి వదిలాక గంటన్నర ఆడేవాళ్లని చెప్పారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

కాగితాల పని సెప్టెంబరులోనే మొదలవుతుంది. ప్రతి పిల్లవాడికీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరు ఇస్తారు, దాని లోపలి అట్టకు ఒక జాబితా అంటించి ఉంటుంది, ఒక్కో కాగితం అందగానే మేనేజరు ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టి పక్కన తేదీ వేస్తారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్లకో, పద్దెనిమిది నిండేనాటికో, ఏది ముందైతే అప్పటికి ముగిసిపోతుందని చాలామందికి తెలియదు. ఎప్పుడో సింగపూర్ వెళ్లడానికి తీసుకున్నది ఇంట్లో బీరువాలో ఉంది కదా అన్న ధీమాతో ఉంటారు. స్వీడన్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకు తిరుగు ప్రయాణం తరువాత కనీసం 3 నెలల గడువు, 2 ఖాళీ పేజీలు ఉండాలి కనుక, గడువు దగ్గరపడినవారిని వరంగల్ పోస్టాఫీసులోని పాస్‌పోర్టు సేవా కేంద్రానికి ముందే పంపించారు.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. బడి రికార్డులో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా చివర ఉంటుంది, పుట్టిన తేదీ ధ్రువపత్రంలో అసలు ఉండనే ఉండదు. పోటీకి పంపే ఆటగాళ్ల జాబితా, విమాన టికెట్టు, వీసా దరఖాస్తు మూడింటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలని మేనేజరు పట్టుబట్టి, ప్రతి తల్లిదండ్రుల చేత పిల్లల పేరును స్వయంగా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయించి సంతకం తీసుకున్నారు. అప్పుడు ఇది చాదస్తంగా అనిపించింది గాని, టికెట్లలో ఒకరి ఇంటిపేరు తప్పు పడినప్పుడు ట్రావెల్ ఏజెన్సీతో వాదించి డబ్బు కట్టకుండా సరిచేయించడానికి ఆ సంతకాల కాగితమే పనికివచ్చింది.

మన ఉత్తర తెలంగాణ జిల్లాలకు ప్రత్యేకమైన ఇబ్బంది మరొకటుంది. జట్టులో జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ బంధువుల ఇళ్లలో ఉండి చదువుకునే పిల్లలున్నారు, వాళ్లలో కొందరి తండ్రులు గల్ఫ్‌లో పనిచేస్తున్నారు. మైనరు ఒంటరిగా, అంటే తల్లిదండ్రులు లేకుండా ప్రయాణం చేయాలంటే ఇద్దరి సమ్మతి పత్రమూ కావాలి. సమావేశంలో ఒక తల్లి లేచి, "సార్, మా ఆయన మస్కట్‌ల ఉన్నడు, సంక్రాంతి దాంక రాడు, మరి సంతకం ఎట్ల?" అని అడిగింది. "ఆయన రావాల్సిన పని లేదమ్మా, అక్కడి మన ఎంబసీల సంతకం చేసి, ముద్ర ఏయించి కొరియర్ చేస్తె సరిపోతది, గని ఇయ్యాల్నే ఫోన్ చేసి చెప్పు" అన్నారు మేనేజరు. అంతటితో వదిలేయకుండా ఆ పత్రం నమూనాను ఆ తండ్రికి వాట్సాప్‌లో పంపి, ఎంబసీకి తీసుకువెళ్లవలసిన కాగితాలేమిటో ఫోనులో తెలుగులో వివరించారు. మిగతా మేమంతా అదాలత్ దగ్గర నోటరీ చేయించుకున్నాము. ఇలాంటి సహాయం ఏ ట్రావెల్ ఏజెన్సీ ప్యాకేజీలోనూ దొరకదు, నేను ఈ క్లబ్బుకు మార్కులు వేసేది ఇక్కడే.

వీసా దరఖాస్తును ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు వేలిముద్రల కోసం స్వయంగా వెళ్లాలి కాబట్టి అందరినీ ఒకే బస్సులో హైదరాబాద్ తీసుకువెళ్లారు. మా అమ్మాయి వెళ్లినప్పుడు 80 యూరోలుగా ఉన్న రుసుము 2024 జూన్ 11 నుంచి 90 అయింది.

ఇక ఈ కార్యక్రమంలో నాకు అన్నిటికన్నా నచ్చినది మే నెలలో పెట్టే రిహార్సల్ శిబిరం. గోథియా కప్పుకు వచ్చే జట్లలో ఎక్కువ భాగం హోటళ్లలో కాక అక్కడి బడుల తరగతి గదుల్లో, నేల మీద పరుపులు వేసుకుని పడుకుంటాయి. అందుకని ఇక్కడ కూడా ఒక బడి హాలు తీసుకుని పిల్లలను రెండు రాత్రులు అలాగే ఉంచారు. జూలైలో గోథెన్‌బర్గ్‌లో రాత్రి పది దాటితే గాని పొద్దు గూకదు, మళ్లీ నాలుగున్నరకల్లా తెల్లవారుతుంది కనుక, హాలులో ట్యూబులైట్లు ఆర్పకుండా కళ్లకు గంతలు కట్టుకుని నిద్రపొమ్మన్నారు. ఎవరి జెర్సీ వాళ్లు బకెట్టులో ఉతికి, పిండి, తువ్వాలులో చుట్టి తొక్కి, నీరు పీల్చాక తాడు మీద ఆరేసుకోవాలి. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా చేతికి అందించవలసిన మా అబ్బాయి ఆ తువ్వాలు కిటుకు నేర్చుకుని వచ్చి నాకు చూపించాడు. అక్కడికి వెళ్లాక మ్యాచికీ మ్యాచికీ మధ్య వాన కురుస్తున్నప్పుడు అదే ఉపయోగపడిందట.

అదే శిబిరంలో భోజనంగా బ్రెడ్డు, ఉడికించిన ఆలుగడ్డలు, పాస్తా మాత్రమే పెట్టారు. ఇది క్రూరంగా ఉందని ఒక నాయనమ్మ గారు గొడవపడ్డారు. అయినా అన్నం లేకుండా ఆడి చూడడం ఇక్కడే జరిగిపోవడం మేలు. పంది మాంసం, గొడ్డు మాంసం తినని పిల్లలు వడ్డించేవారిని ఎలా అడగాలో కూడా ఇద్దరిద్దరిని నిలబెట్టి చేయించారు.

సామాను విషయంలో ఇచ్చిన సూచనలు చాలావరకు సరైనవే. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, పచ్చడి సీసా చేతి సంచిలో 100 మిల్లీలీటర్ల నిబంధన కిందికి వస్తుంది, మన రెండు పిన్నుల చార్జర్ అక్కడి సాకెట్టులో పడుతుంది గాని మూడు పిన్నులది పట్టదు. యూరప్‌కు బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకువెళ్లకూడదని గట్టిగా చెప్పడంతో నెయ్యి డబ్బాలు, పాలకోవా ఇళ్లలోనే ఆగిపోయాయి. పచ్చి కరివేపాకు, మామిడిపండ్లు కూడా అంతే. సకినాలు, పల్లీల పొడి మాత్రం హాయిగా వెళ్లాయి. సకినాలు విరగకుండా స్టీలు డబ్బాలో పెట్టుకున్నవాళ్లే గెలిచారు, కవర్లలో పెట్టినవాళ్లకు పిండి మిగిలింది. క్లబ్బు ఇచ్చిన కిట్టు బ్యాగు మాత్రం నాసిరకం, మా అమ్మాయి బ్యాగు జిప్పు మొదటి ప్రయాణంలోనే ఊడిపోయింది. రెండోసారి మేము సొంతంగా కొనుక్కున్నాము.

బీమా గురించి తల్లిదండ్రులు ప్రత్యేకంగా అడగాలి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, దాన్ని ఏజెన్సీయే తీసి పెడుతుంది. కానీ ప్రయాణ బీమా పాలసీల్లో చాలావాటికి పోటీ క్రీడల్లో తగిలే గాయాలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి, ఫుట్‌బాల్ ఆడడానికే వెళుతున్న పిల్లలకు అలాంటి పాలసీ ఉన్నా లేనట్టే. 2025లో కొందరం పట్టుబట్టడంతో అదనపు ప్రీమియంతో క్రీడా గాయాలకు వర్తించే పాలసీ తీసుకున్నారు.

ఆట శిక్షణ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. మనవాళ్లు ఆడేది మట్టి మైదానంలో, అక్కడ చాలా మ్యాచులు కృత్రిమ పచ్చిక మీద జరుగుతాయి, బంతి వేగమూ బౌన్సూ వేరు. ప్రయాణానికి ముందు హైదరాబాద్‌లో అద్దె టర్ఫు మీద ఆడించిన కొద్దిపాటి సెషన్లు సరిపోవు, ఇంకా ఆడించాలి. ఆడపిల్లల జట్టుతో ఇద్దరు మహిళా ఉపాధ్యాయులు వెళ్లారు, ఫోనులో రోజూ ఒకే సమయానికి సమాచారం ఇచ్చారు, ఆ విషయంలో నాకు ఏ లోటూ కనిపించలేదు. మనకన్నా అక్కడ గడియారం మూడున్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి ఆ ఫోను మాకు రాత్రి భోజనాల వేళకు వచ్చేది.

డబ్బు విషయానికి వస్తాను. మొదటి సమావేశంలో చెప్పే మొత్తంలో ఏమేమి కలిశాయో రాతపూర్వకంగా ఇవ్వరు. మామునూరు విమానాశ్రయం మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటుందో గాని, ప్రస్తుతానికి శంషాబాద్ దాకా బస్సే గతి. ఆ బస్సు ఖర్చు, ట్రాక్‌సూటు ఖర్చు, విదేశీ టూరు ప్యాకేజీ మీద ముందుగానే వసూలు చేసే పన్ను (టీసీఎస్) తరువాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 2025లో మా నుంచి 5 శాతం టీసీఎస్ తీసుకున్నారు. దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి పొందవచ్చునన్న మాట కూడా క్లబ్బు చెప్పలేదు, బ్యాంకులో పనిచేసే ఒక తండ్రి చెప్పారు. ఏజెన్సీకి ఎవరి పాన్ నంబరు ఇచ్చారో వారి ఖాతాలోనే అది జమ అవుతుంది కనుక, రిటర్ను వేసేవారి నంబరే ఇవ్వడం మంచిది. స్వీడన్‌లో నోట్లు తీసుకునే దుకాణాలు బాగా తగ్గిపోయాయి, మన యూపీఐ అక్కడ పనిచేయదు, విదేశీ డబ్బు ముందే వేయించుకునే ఫారెక్స్ కార్డు లాంటిది దగ్గర ఉండాలి. అక్కడ నడిచేది యూరో కాదు, క్రోనా. కార్డులో యూరోలు వేయించుకున్నవాళ్లకు ప్రతి కొనుగోలుకూ మారకం రుసుము పడింది.

అన్నిటికన్నా బాధ కలిగించినది రద్దు నిబంధన. జూన్‌లో ఒక అబ్బాయికి మోకాలి లిగమెంటు దెబ్బతిని ప్రయాణం మానుకోవలసి వచ్చింది. టికెట్టు, బస, వీసా రుసుము ఏదీ తిరిగి రాదని ఏజెన్సీ తేల్చేసింది. ఆ షరతు కాగితం మీద ఉందని మాకు అప్పుడే తెలిసింది. పరకాల దగ్గర రెండెకరాల రైతు కుటుంబం అది, ఆ వాయిదాలు ఎలా కట్టారో మా అందరికీ తెలుసు. తోటి తల్లిదండ్రులం చందాలు వేసుకుని కొంత సర్దాము గాని, అలా సర్దవలసిన అవసరం రాకూడదు. ప్రయాణ రద్దుకు వర్తించే బీమాను మొదటి వాయిదా కట్టిన రోజే తీసుకుంటే కొంతైనా తిరిగి వచ్చేది.

చేరదలచిన వారు ఖర్చుల జాబితా, రద్దు షరతులు, బీమా పాలసీ ప్రతి చేతికి వచ్చాకే మొదటి వాయిదా కట్టండి. మన బడులు జూన్‌లో తెరుచుకుంటాయి, యాత్ర జూలైలో, కాబట్టి పదో తరగతి పిల్లల విషయంలో ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడుకోవాలి. వచ్చే విడత నుంచి లెక్కలన్నీ రాసి ఇస్తామని మేనేజరు మాట ఇచ్చారు. ఇచ్చిన రోజున ఈ సమీక్షలోని ఆ భాగాన్ని సవరిస్తాను.