పటమట జిమ్‌లో ఫ్యాట్ లాస్ ప్యాకేజీ: బరువులు, నడక, భోజనం ఒకే పుస్తకంలో

విజయవాడలో బరువు తగ్గించే మార్గాలకు కొదవ లేదు. అన్నం పూర్తిగా మానిపించి కొబ్బరి నూనె తాగించే పద్ధతిని, ఉప్పూ నూనే లేని కూరలతో నడిచే పద్ధతిని, పొద్దున్నే గ్లాసుడు నీళ్లలో పొడి కలిపి ఇచ్చే కేంద్రాలను, ఒంటికి పట్టీలు చుట్టి పొట్ట కరిగిస్తామనే క్లినిక్‌లను ఈ ఊరు కొన్నేళ్లుగా చూస్తూనే ఉంది. పటమటలో ఒక మేడ మీద నడుస్తున్న ఈ జిమ్ వారు ఇస్తున్న ‘ఫ్యాట్ లాస్ ప్యాకేజీ’ వాటికి భిన్నమైనది. ఇందులో బరువులు ఎత్తించే ట్రైనర్, నడక, సైకిల్ వంటి గుండెకు పని చెప్పే వ్యాయామాలు (కార్డియో) చూసే ట్రైనర్, భోజనం సంగతి చూసే డైటీషియన్ ముగ్గురూ మన పేరు మీద ఉన్న ఒకే నోటు పుస్తకంలో రాస్తారు. మూడు నెలలకు మనిషికి 12,000 రూపాయలు తీసుకుంటున్నారు. నేనూ మా వారూ వేసవికి ముందు చేరి, గడువు తీరాక మళ్లీ కట్టి కొనసాగుతున్నాం.

ఆ పుస్తకం గురించే ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ సేవ విలువంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. మామూలుగా బరువుల ట్రైనర్‌కు మనం ఏం తింటున్నామో తెలియదు, డైటీషియన్‌కు మనం నిన్న ఎంత ఎత్తామో తెలియదు. దానివల్ల తిండి బాగా కోసిన వారంలోనే బరువులు పెంచడం, మోకాలు నొప్పి అని చెప్పిన రోజే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించడం వంటివి జరుగుతుంటాయి. ఇక్కడ నా స్క్వాట్ (బరువు పట్టుకుని గుంజీలా కూర్చుని లేచే వ్యాయామం) బరువు ఒక వారం ఉన్నట్టుండి వెనక్కి తగ్గినప్పుడు, డైటీషియన్ ఆ పేజీ చూసి, నిద్ర ఎన్ని గంటలు పోతున్నానో అడిగి, రాత్రి పూట మళ్లీ ఒక గరిటెడు అన్నం కలిపి, ఆ వారానికి ఒక రోజు కార్డియో తీసేశారు. తరువాతి వారం పాత బరువు మళ్లీ ఎత్తగలిగాను. తక్కువ తిని ఎక్కువ కష్టపడితే అంత త్వరగా కరుగుతుందని నమ్మే ఊళ్లో ఈ మాత్రం నిదానం దొరకడం చిన్న విషయం కాదు.

చేరిన రోజున కాటా కన్నా ముందు టేపు తీశారు. మన దేశస్థుల్లో తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుంటుంది కనుక, మనకు బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతో చెప్పే లెక్క) 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారని, నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించకుండా చూసుకోవాలని వివరించారు. మా వారు సుగరుకు మాత్రలు వాడుతున్నారని తెలిసిన వెంటనే, డాక్టరు గారి నుంచి చీటీ తెచ్చేదాకా మొదలుపెట్టేది లేదన్నారు. తిండి తగ్గి వ్యాయామం పెరిగినప్పుడు ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ పాత మోతాదులోనే కొనసాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డబ్బు కట్టించుకున్న తరువాత కూడా ఆ షరతు మీద నిలబడినందుకు నాకు వీరి మీద గౌరవం కలిగింది.

బరువుల విభాగం ఈ జిమ్‌కు ప్రాణం. వారానికి మూడు రోజులు, రోజుకు ముప్పావు గంట చొప్పున శరీరమంతటికీ పని చెబుతారు. చేతులకు ఒక రోజు, పొట్టకు ఒక రోజు అన్న విభజన కొత్తవారికి పెట్టరు. మొదట ఒక డంబెల్‌ను గుండెకు ఆనించి పట్టుకుని స్క్వాట్ చేయించి, నడుము వంగకుండా తుంటి దగ్గర వంగడం అలవాటయ్యాక నేల మీది బరువును పైకి లేపే డెడ్‌లిఫ్ట్, తరువాత భుజాల దగ్గరి నుంచి తల మీదికి ఎత్తే ప్రెస్, వెనక్కి లాగే రోయింగ్, చివర మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని తిన్నగా నిలిపి ఉంచే ప్లాంక్ చేయిస్తారు. ఆగకుండా పది, పన్నెండు సార్లు (రెప్‌లు) చొప్పున, మధ్యలో విరామంతో రెండు మూడు విడతలుగా (సెట్లుగా) శుభ్రంగా వచ్చాయని నమ్మకం కుదిరాకే “అక్కా, ఈ రోజు రెండున్నర కిలోలు కలుపుదాం” అంటాడు మా ట్రైనర్. బరువు కొద్దికొద్దిగా పెరుగుతూ ఉంటేనే కండరానికి నిలబడవలసిన అవసరం కలుగుతుంది. తిండి మాత్రమే తగ్గించి బరువు తగ్గితే, పోయిన కిలోలలో కొవ్వుతో పాటు కండ కూడా కొంత పోతుంది. మనిషి సన్నబడినట్టే కనిపించినా మెట్లెక్కితే కాళ్లు వణకడం, మళ్లీ మామూలు భోజనంలోకి వచ్చిన కొన్నాళ్లకే పొట్ట తిరిగి రావడం అందువల్లనే. నలభై దాటిన స్త్రీలకు ఎముక బలం కోసమైనా బరువులు తప్పనిసరి అని నేను గట్టిగా చెబుతాను.

మా అపార్ట్‌మెంట్‌లో నాతో చేరదామనుకుని ఆగిపోయిన వారంతా చెప్పిన కారణం ఒక్కటే: బరువులెత్తితే మగవారిలా కండలు తిరుగుతాయని. స్త్రీ శరీరంలో కండ పెంచే టెస్టోస్టిరాన్ హార్మోను చాలా తక్కువ. పైగా అవసరమైన దానికన్నా తక్కువ తింటున్న రోజుల్లో అంత కండ పెరగడానికి ముడిసరుకే ఉండదు. మన రాష్ట్రపు ఆడపిల్ల, వెయిట్‌లిఫ్టర్ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యారు. ఇంత కాలం గడిచినా ఆడవారు బార్‌బెల్ (రెండు కొసలా బరువులు తగిలించే కడ్డీ) పట్టుకోవడానికి సంకోచిస్తున్నారంటే నాకు బాధ కలుగుతుంది. ఈ జిమ్‌లో పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఆడవారే ఎక్కువగా వస్తారు, మహిళా ట్రైనర్ కూడా ఆ వేళకు ఉంటారు.

కార్డియో విభాగం మరీ గొప్పది కాదు, సరిపోతుంది. నాలుగు ట్రెడ్‌మిల్‌లు, రెండు సైకిళ్లు ఉన్నాయి. బరువుల తరువాత ఒక పావుగంట, ట్రెడ్‌మిల్‌ను కాస్త ఎత్తుగా పెట్టి, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడిపిస్తారు. కార్డియోను బరువుల తరువాతే పెట్టడం సబబైన పని, ఎందుకంటే అలసిన కాళ్లతో స్క్వాట్ చేస్తే భంగిమ చెడుతుంది. మిగతా రోజుల నడకను బయటే పూర్తి చేసుకోమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని అవసరం. ఆ నిమిషాలు కూడగట్టుకోవడానికి మేము కొన్ని రోజులు ఇందిరా గాంధీ స్టేడియానికి, తీరిక ఉన్న ఆదివారాల్లో ప్రకాశం బ్యారేజీకి వెళ్తున్నాం. బ్యారేజీ పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు కనుక, గంటకు ఆరు కిలోమీటర్ల వేగంతో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వెళ్లి వస్తే దాదాపు 25 నిమిషాలు అవుతుంది. ఎండాకాలం ఏడు గంటలు దాటితే ఆ నడక పెట్టుకోవద్దు. చెమట ఎంత కారితే అంత కొవ్వు పోయినట్టని స్వెట్ సూట్ వేసుకుని నడిచేవారిని అక్కడ చూస్తుంటాను. పోయేది నీరే, మంచినీళ్లు తాగగానే తిరిగి వస్తుంది, ఈలోగా వడదెబ్బ ముప్పు మాత్రం పెరుగుతుంది.

ఇక భోజనం. ఈ ప్యాకేజీలో నాకు అన్నిటికన్నా నచ్చింది అన్నం మానేయమనకపోవడం. డైటీషియన్ గారు మొదటి భేటీలో మా ఇంట్లో నెలకు ఎంత బియ్యం, ఎంత కందిపప్పు, ఎన్ని లీటర్ల నూనె ఖర్చవుతుందో అడిగి రాసుకున్నారు. ఏం తింటారని అడిగితే మనుషులు మొహమాటపడతారు, కిరాణా చీటీ మాత్రం నిజం చెబుతుంది. ఆ తరువాత పళ్లెం మార్చారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతానికి మించవద్దని, పప్పులు, గుడ్లు, మాంసాహారం నుంచి 14, 15 శాతం రావాలని ఉంది. మన ఇళ్లలో మూడుసార్లు వడ్డించే అన్నం ఆ హద్దును సులువుగా దాటిపోతుంది. అందుకని అన్నం కప్పుతో కొలిచి ఒక పూటకు ఒకటిన్నర కప్పుకు తెచ్చి, ఖాళీ అయిన చోటును దొండకాయ, బెండకాయ, ఆకుకూరలతో, పలచని మజ్జిగతో నింపారు.

మాంసకృత్తుల (ప్రోటీన్ల) లెక్క ఇంకా బాగుంది. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలు. కొవ్వు తగ్గించుకుంటూ బరువులెత్తేవారికి 1.2 నుంచి 1.6 గ్రాములు ఉంటే కండ నిలుస్తుంది. 70 కిలోల మనిషికి అది 84 నుంచి 112 గ్రాములు అవుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఇలా పెంచకూడదు. దీనికి ఏ పొడీ కొనిపించకుండా మన వంటింట్లోవే చూపించారు. 60 గ్రాముల పెసలతో అట్టు పోసుకుంటే సుమారు 14 గ్రాములు, రెండు గుడ్లలో 12, పచ్చి బరువులో 150 గ్రాముల చికెన్ బ్రెస్ట్‌లో 33 దాకా, గిన్నెడు పెరుగులో ఆరేడు గ్రాములు వస్తాయి. మాంసం ముట్టని వారికి మీల్ మేకర్ పెద్ద అండ: పొడిగా తూచిన 50 గ్రాముల్లోనే 25 గ్రాములకు పైగా ఉంటాయి. పప్పులో మాంసకృత్తులున్న మాట నిజమే గానీ, మనం చేసే పలచని పప్పుచారు రెండు గరిటెల్లో పప్పు ఎంత ఉంటుందో గమనించాలి. ముద్దపప్పే మేలని, అందులో నెయ్యి చెంచాతో కొలిచి వేసుకోమని చెప్పారు. ఆవకాయను తీసేయలేదు, ముక్క ఉంచి ఊట తగ్గించమన్నారు. పచ్చడి ఎక్కువ తిన్న మర్నాడు కాటా మీద కిలో పెరిగి కనిపిస్తే అది ఉప్పు పట్టి ఉంచిన నీరే తప్ప కొవ్వు కాదన్న వివరణ మా వారికి చాలా ధైర్యమిచ్చింది.

నూనె దగ్గర మాత్రం వీరు గట్టిగా ఉన్నారు, ఉండాలి కూడా. ఒక పెద్ద చెంచా నూనెలో 120 క్యాలరీలు ఉంటాయి. 70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేవి సుమారు 150. సాయంత్రం బండి దగ్గర తిన్న పుణుగుల ప్లేటును మర్నాటి నడకతో కొట్టేయవచ్చనే ధీమా ఈ రెండు అంకెల ముందు నిలవదు. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీల శక్తి దాగి ఉంటుంది, రోజుకు 500 చొప్పున తగ్గించుకుంటే వారానికి అరకిలోకు దగ్గరగా కరుగుతుంది. ఇంతకన్నా వేగం కోరేవారికి ఇక్కడ ప్రోత్సాహం దొరకదు. వంటకు సీసా వంచి పోయకుండా చెంచా వాడడం, వేపుళ్లు వారానికి రెండుసార్లకు పరిమితం చేయడం, నెయ్యి కారం ఇడ్లీని ఆదివారానికి ఉంచుకోవడం మా ఇంట్లో నిలిచిపోయిన మార్పులు.

లోపాలూ ఉన్నాయి. శరీరంలో కొవ్వు శాతం చూపే యంత్రం మీద నెలనెలా నిలబెట్టి రంగుల కాగితం ఇస్తారు. ఆ యంత్రం ఒంట్లో సన్నని విద్యుత్తు పంపి అంచనా కడుతుంది కనుక, నీళ్లు తాగిన వేళను బట్టి, వ్యాయామానికి ముందా తరువాతా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ఒకసారి పరగడుపున, మరోసారి సాయంత్రం వర్కవుట్ తరువాత కొలిచి, రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు. రిసెప్షన్ బల్ల మీద అమ్మే ‘ఫ్యాట్ బర్నర్’ మాత్రల డబ్బాలను అసలు సమర్థించలేను. లోపల డైటీషియన్ అంత శ్రద్ధగా చెప్పిన మాటలను ఆ డబ్బాలు బయట కాదంటున్నాయి. ఎవరైనా ప్రోటీన్ పొడి కొనదలిస్తే ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు సంఖ్య, తయారీ తేదీ చూసి కొనాలి. మాత్రల జోలికి పోనక్కర్లేదు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా కుర్రవారి రద్దీ విపరీతం, స్క్వాట్ ర్యాక్ ఒక్కటే ఉండడంతో వంతు కోసం నిలబడాలి. ఏసీలు మే నెలకు చాలవు.

ఫలితం విషయానికి వస్తే, నా బరువు ఆరు కిలోలు తగ్గింది, నడుము 94 సెంటీమీటర్ల నుంచి 85కు వచ్చింది, అంటే 80కి ఇంకా దూరముంది. ఇదే కాలంలో డెడ్‌లిఫ్ట్‌లో ఖాళీ బార్ నుంచి 50 కిలోలకు చేరాను. మా వారికి కిలోలు అంతగా తగ్గలేదు గానీ, ప్యాంట్లన్నీ టైలరు దగ్గరికి వెళ్లాయి, సుగరు మాత్రల మోతాదు మార్చాలా అన్నది డాక్టరు గారు పరిశీలిస్తున్నారు. నెలకు పది కిలోలు తగ్గాలనుకునేవారు, పెళ్లి ముహూర్తం దగ్గర పెట్టుకుని వచ్చేవారు ఇక్కడ నిరాశపడతారు. మోకాళ్లు, నడుము ఇదివరకే దెబ్బతిన్నవారు ముందు ఫిజియోథెరపిస్టును కలిసి రావాలి, ఎందుకంటే ఇక్కడ ఆ నిపుణులు లేరు.

చేరేవారు డబ్బు కట్టే ముందు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి. డైటీషియన్‌తో భేటీ రెండు వారాలకోసారి అని నోటితో చెబుతారు గానీ రశీదులో ఆ మాట ఉండదు. ఊరెళ్లినప్పుడు సభ్యత్వాన్ని ఆపి పెట్టుకునే వీలు 15 రోజుల దాకా ఉంది గానీ, అది ముందుగా రిజిస్టరులో రాసి సంతకం చేసిన వారికే వర్తిస్తుంది. దసరా రోజుల్లో ట్రాఫిక్ మళ్లించి రాకపోకలు కష్టమయ్యే సమయానికి ఈ వీలును వాడుకోవచ్చు, అప్పుడు ఇంట్లో చేసుకోవడానికి రబ్బరు బ్యాండ్లతో చేసే వ్యాయామాల కాగితం అడిగితే ఇస్తారు.